పాత కారు వెనక సస్పెన్షన్ బుష్‌లు: అరుగుదల గుర్తించడం, మార్చడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

బుష్ అంటే అసలు ఏమిటి? వెనక వైపు ఎక్కడెక్కడ ఉంటుంది?

లోపల ఒక ఇనప గొట్టం, బయట ఇంకో ఇనప గొట్టం, రెండింటి మధ్య రబ్బరు. ఆ రబ్బరును రెండు గొట్టాలకూ వల్కనైజ్ చేసి (వేడితో గట్టిపరచి) అతికిస్తారు. లోపలి గొట్టంలోంచి బోల్టు పోతుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బాడీ బ్రాకెట్‌కు కదలకుండా పట్టుకుంటుంది. బయటి గొట్టం ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే ఇనప చెయ్యి) కన్నంలో బిగుతుగా దిగి ఉంటుంది. చక్రం పైకీ కిందికీ ఆడేటప్పుడు ఇక్కడ ఏదీ జారదు, ఏదీ రాసుకోదు. మధ్యలో ఉన్న రబ్బరే మెలి తిరిగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి, బిగించే దగ్గర మళ్లీ దీనితోనే పని పడుతుంది.

ఎన్ని ఉంటాయన్నది బండి కట్టుబడిని బట్టి. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో ఎక్కువగా ఉండేది ట్విస్ట్ బీమ్ యాక్సిల్, అంటే రెండు వెనక చక్రాలనూ కలుపుతూ, అవసరమైనప్పుడు మెలి తిరిగే ఒకే అడ్డదూలం. 1974 నాటి మొదటి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌లో ఉన్నది ఇదే. దీనికి ముందు కొసల్లో కుడి ఒకటి, ఎడమ ఒకటి, మొత్తం రెండే పెద్ద బుష్‌లు. మల్టీలింక్ బండ్లలో (ఒక్కో చక్రాన్ని విడివిడి లింకులు పట్టే రకం) ఒక్కో వైపు ట్రైలింగ్ ఆర్మ్ (చక్రాన్ని ముందువెనకలకు పట్టి ఉంచేది), పై లింకు, కింది లింకు, టో లింకు (చక్రం చూసే దిశను నిలిపేది) కలిపి ఆరేడు దాకా ఉంటాయి. కమాన్ పట్టీల బండ్లలో పట్టీ ముందు కన్నులో ఒకటి, వెనక షాకిల్ (పట్టీ చివరను బాడీకి కలిపే, ఊగే పలకలు) దగ్గర పైనా కిందా మరికొన్ని. ఇవి కాక షాకప్ కింది కన్నులో, యాంటీరోల్ బార్ (వంపులో బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) మీద, పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) ఉంటే దాని రెండు చివర్లలో కూడా బుష్‌లుంటాయి.

ఒక హెచ్చరిక. కొన్ని ప్యూజో, సిట్రోయెన్ పాత మోడళ్లలో వెనక ట్రైలింగ్ ఆర్మ్ తిరిగేది రబ్బరు బుష్ మీద కాదు, సూది బేరింగుల మీద. వాటి పని వేరు. అక్కడ చక్రాల పైభాగం లోపలికి వాలడం, కిర్రుమనడం బేరింగ్ పోయిందనడానికి గుర్తులు. ఈ పేజీలోని పద్ధతులు వాటికి వర్తించవు.

అరిగితే బండి తీరు ఎలా మారుతుంది?

చాలామంది చప్పుడు కోసం ఎదురుచూస్తారు. నిజానికి చప్పుడు ఆఖరి దశ. అంతకు చాలా ముందే బండి వెనక భాగం సొంతంగా దిశ మార్చడం మొదలుపెడుతుంది. వేగంగా పోతూ లేన్ మారినప్పుడు ముందు చక్రాలు తిరిగిన అరక్షణం తర్వాత వెనక భాగం పక్కకు ఒరిగి సర్దుకున్నట్టు అనిపిస్తుంది. పక్కగాలి తగిలినప్పుడు స్టీరింగ్‌ను పదేపదే సరిదిద్దాల్సి వస్తుంది. వంపులో గతుకు తగిలితే తోక పక్కకు గెంతినట్టుంటుంది. పక్కనుంచి పడే బరువు కింద బుష్ నలిగి, యాక్సిల్ మొత్తం కొద్దిగా తిరగడమే దీనికి కారణం.

తర్వాత చప్పుళ్లు. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వెనకనుంచి మొద్దుగా ఒక్క దెబ్బ, బ్రేకు వేసిన తొలి క్షణంలో ‘టక్’, వెనక చక్రాలతో నడిచే బండి అయితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకసారి, వదిలినప్పుడు ఒకసారి. టైర్లు కూడా సాక్ష్యం చెబుతాయి. వెనక టైరు మీద అరచేయి పెట్టి ఒకసారి బయటినుంచి లోపలికి, మరోసారి లోపలినుంచి బయటికి నిమరండి. ఒక దిక్కున నున్నగా, రెండో దిక్కున రంపపు పళ్లలా తగిలితే టో (పైనుంచి చూస్తే చక్రాలు ఎంత లోపలికి గానీ బయటికి గానీ చూస్తున్నాయన్న కోణం) తప్పిందని అర్థం. వెనక టో తప్పడానికి మొదట అనుమానించాల్సింది బుష్‌లనే.

వెనకనుంచి చప్పుడు వస్తోంది. అది బుష్‌దేనా, షాకప్‌దా?

సామాను కొనకముందే దీన్ని తేల్చుకోవాలి. ఊహ మీద షాకప్‌లు మార్చి, చప్పుడు పోక, ఆ తర్వాత బుష్‌ల దగ్గరికి రావడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. తేలిక పరీక్షలు ముందు చేయండి.

డిక్కీ ఖాళీ చేయండి. స్టెప్నీ, జాకీ, పానాల సంచీ బయటపెట్టి, వెనక సీటు గొళ్లెం సరిగ్గా పడిందో చూసి, అదే రోడ్డు మీద మళ్లీ నడపండి. సగం చప్పుళ్లు ఇక్కడే పోతాయి. అప్పటికీ వస్తుంటే చప్పుడు ఎప్పుడు వస్తోందో గమనించండి. చిన్న చిన్న గతుకుల మీద గడగడా ఆగకుండా వస్తే యాంటీరోల్ బార్ లింకులు గానీ షాకప్ పై మౌంట్ గానీ కావచ్చు. పెద్ద గతుకు మీద ఒక్కసారే మొద్దుగా వస్తే పెద్ద బుష్. నిలబడి ఉన్న బండిని నొక్కినప్పుడు కిర్రుకిర్రుమంటే యాంటీరోల్ బార్ మీది ఎండిన రబ్బరు. చప్పుడు వేగంతో పాటు పెరుగుతూ ‘ఊఁ’ అని సాగితే అది చక్రం బేరింగ్, బుష్‌కు సంబంధం లేదు.

ఇక బ్రేకు పరీక్ష. ఖాళీ స్థలంలో మనిషి నడక వేగంతో ముందుకు పోయి ఆగండి, వెనక్కి పోయి ఆగండి, మార్చి మార్చి చేయండి. పక్కన ఒకరు రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడి వెనక చక్రాన్ని, దాని మీది మడ్‌గార్డ్ అంచును చూడాలి. చక్రం ఆ అంచుతో పోలిస్తే ముందుకూ వెనక్కూ జరుగుతున్నట్టు కంటికి కనిపిస్తే ట్రైలింగ్ ఆర్మ్ లేదా బీమ్ బుష్ అయిపోయినట్టే. హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలకే ఉన్న బండ్లలో దాన్ని మెల్లగా లాగి చేస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

షాకప్ కోసం వెనక మూలను గట్టిగా నొక్కి వదలండి. పైకి లేచి ఒకసారి సర్దుకుని ఆగాలి. రెండు మూడు సార్లు ఊగితే షాకప్ బలహీనమైంది. ఊగకపోతే మాత్రం షాకప్ బాగుందని తీర్మానించకండి. రబ్బరు బిగుసుకుపోయిన పాత బండి కూడా ఊగదు. షాకప్ ఒంటి మీద నూనె కారిన తడి ఉందేమో కూడా చూడండి. స్ప్రింగ్ కింది చుట్టు విరిగి ఉందేమో టార్చి వేసి చూడటం మర్చిపోవద్దు. పాత బండ్లలో అది బుష్ లాగే చప్పుడు చేస్తుంది.

రబ్బరు మీద పగుళ్లు కనిపిస్తున్నాయి. మార్చేయాలా?

పైపొరలో వెంట్రుక వాసి పగుళ్లు వయసు వల్ల వస్తాయి, వాటికి కంగారు పడనక్కరలేదు. మార్చాల్సిన గుర్తులు వేరు: పగులులో సన్నని స్క్రూడ్రైవర్ మొన నాలుగైదు మిల్లీమీటర్లు దిగడం, రబ్బరు ఇనప గొట్టం నుంచి ఊడి మధ్యలో సందు కనపడటం, లోపలి గొట్టం నడిమధ్యలో కాక ఒక పక్కకు కుంగి ఉండటం, చుట్టూ రబ్బరు పొడి రాలడం, ఇనుము ఇనుముకు తగిలి మెరుస్తున్న మచ్చ. నూనె కారి తడిసిన రబ్బరు మెత్తబడి ఉబ్బితే అదీ పోయినట్టే. కారడం ఆపకుండా కొత్తది వేస్తే అదీ అలాగే అవుతుంది.

కొన్ని బుష్‌లలో రబ్బరులో చంద్రవంకల్లాంటి ఖాళీలు కావాలనే వదులుతారు. ముందువెనకలకు మెత్తగా, పక్కలకు గట్టిగా ఉండటానికి ఆ ఏర్పాటు. వాటిని చిరుగులనుకుని మంచి బుష్ తీసేయకండి. అంచులు నున్నగా, రెండు వైపులా ఒకే ఆకారంలో ఉంటే అది తయారీలోనిది. గరుకుగా, అడ్డదిడ్డంగా ఉంటే చిరిగింది. ఇంకో రకం బుష్‌లో లోపల ద్రవం నింపి ఉంటుంది. దాని కింద నల్లటి జిగురు మరక కనిపిస్తే ద్రవం పోయినట్టే, రబ్బరు చూడటానికి ఎంత బాగున్నా మార్చాలి.

గడ్డపారతో తోస్తే కదులుతోంది. అరిగినట్టేనా?

కదలాలి, కదలడమే దాని పని. చూడాల్సింది ఎలా కదులుతోందన్నది. అర మీటరు ప్రై బార్ చాలు, పెద్ద గడ్డపారతో తోస్తే మంచి బుష్ కూడా పోయినట్టు కనిపిస్తుంది. మంచి బుష్ తోసినకొద్దీ ఎదురు తిరిగి, వదలగానే మెత్తగా వెనక్కి వస్తుంది. పోయినది మొదట ఎదురే లేకుండా కదిలి, ఆపైన ఠక్కున తగిలి ఆగుతుంది. ఎదురు లేని ఆ మొదటి కదలికే లూజు.

చక్రాలు గాలిలో వేలాడుతున్నప్పుడు రబ్బరు మెలిపడి బిగుసుకుని ఉంటుంది కాబట్టి చిన్న లూజు దాగిపోతుంది. వీలైతే బండి బరువు చక్రాల మీదే ఉండగా, ర్యాంపు మీదో గుంత మీదో నిలిపి చూడండి. అనుమానం ఉన్న బుష్‌ను అదే బండి రెండో వైపు బుష్‌తో పోల్చి చూడటం అన్నిటికంటే నమ్మకమైన కొలమానం.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

కిలోమీటర్ల లెక్క పెద్దగా పనికిరాదు. తక్కువ తిరిగిన బండిలోనూ వయసుకు రబ్బరు గట్టిపడి పగులుతుంది. పదిహేనేళ్లు దాటిన బండిలో మొదటి నాటి బుష్‌లే ఉంటే సర్వీసింగ్‌కు ఎత్తిన ప్రతిసారీ టార్చి వేసి చూడండి.

అరిగిన బుష్‌లతో నడపవచ్చా?

పైపగుళ్లతో నడపవచ్చు. చక్రం ముందువెనకలకు కంటికి కనిపించేలా జరుగుతుంటే హైవే ఎక్కకండి. తడి రోడ్డు మీద వంపులో బ్రేకు వేస్తే వెనక చక్రాలు బయటికి చూసే స్థితికి (టో అవుట్) వస్తాయి, అంటే తోక విసురుతుంది. బుష్ మెత్తదనంతో చక్రం దిశ ఎంత మారుతుందో ఇంజినీర్లకు బాగా తెలుసు. 1977లో వచ్చిన పోర్షే 928 వెనక సస్పెన్షన్‌లో బ్రేకు వేసినప్పుడు చక్రం లోపలికి తిరిగేలా ఆ మెత్తదనాన్నే కావాలని వాడుకున్నారు. 1983 నాటి రెండో తరం గోల్ఫ్‌లో వంపుల్లో బీమ్ పక్కకు జరగకుండా బుష్ ఆకారాన్ని దిద్దారు. అలా కొలిచి పెట్టిన మెత్తదనం అరుగుదలతో లెక్క తప్పుతుంది. అందుకే మేము దీన్ని చప్పుడు సమస్యగా కాక భద్రత సమస్యగానే చూస్తాం.

ఒక్క వైపు మాత్రమే పోయింది. ఒక్కటే మార్చుకోవచ్చా?

వద్దు. కొత్త రబ్బరు, పాత రబ్బరు ఒకే బరువుకు వేర్వేరుగా వంగుతాయి, బండి బ్రేకుకు ఒక పక్కకు లాగుతుంది. అదే పనిలో కుడి ఎడమ రెండూ వేయండి. మల్టీలింక్ బండి అయితే అన్నీ ఒకేసారి మార్చాల్సిన పని లేదు గానీ, ట్రైలింగ్ ఆర్మ్ తీసినప్పుడు పక్కనే ఉన్న టో లింకు బుష్ సంగతీ చూసుకోండి. కొన్ని ఆర్మ్‌లకు బుష్ విడిగా దొరకదు, ఆర్మ్ మొత్తంగానే వస్తుంది. దొరికినా, రేకుతో ఒత్తి చేసిన ఆర్మ్ తుప్పు పట్టి ఉంటే కొత్త ఆర్మ్ కొనడమే మేలు. అంత శ్రమపడి ఎక్కించిన బుష్ పలచబడిన కన్నంలో నిలవదు.

రబ్బరు మంచిదా, పాలీయూరిథేన్ మంచిదా?

రోజూ తిరిగే బండికి బండి తయారీదారు ఇచ్చే రబ్బరు, లేదా దానికి సమానమైన నాణ్యత గలది. ఇది మా స్థిరమైన అభిప్రాయం. కారణాలు చెబుతాం.

పాలీయూరిథేన్ (రబ్బరులా వంగే ఒక గట్టి ప్లాస్టిక్) మామూలు రబ్బరు కంటే గట్టిది. గొట్టాలకు అతికి ఉండదు, లోపలి గొట్టం చుట్టూ జారుతూ తిరుగుతుంది. అందుకని గ్రీజు కావాలి. సిలికోన్ గ్రీజు గానీ తయారీదారు డబ్బాలో ఇచ్చినది గానీ వాడాలి. అది ఎండితే కీచుమంటుంది. లింకు ఒకే దిక్కులో తిరిగే చోట, అంటే యాంటీరోల్ బార్, పక్క లింకులు వంటి చోట్ల, పాలీ బాగా పనిచేస్తుంది. ట్విస్ట్ బీమ్ ముందు బుష్ అలా కాదు. ఒక చక్రం లేచి రెండోది దిగినప్పుడు బీమ్ మెలి తిరుగుతుంది, బుష్ అన్ని దిక్కులకూ వంగాలి. అక్కడ గట్టి పాలీ వేస్తే బుష్ వంగక బ్రాకెట్ మీద ఒత్తిడి పడుతుంది. పాత బండిలో ఆ బ్రాకెట్ వెల్డింగులకు అది మంచిది కాదు. 1988 నుంచి 2000 దాకా వచ్చిన హోండా సివిక్‌ల వెనక ట్రైలింగ్ ఆర్మ్ పెద్ద బుష్‌కూ ఇదే వర్తిస్తుంది. అది కావాలనే మెత్తగా చేసినది.

ఏ సామాను కావాలి?

జాకీ, బరువుకు సరిపడా రేటింగ్ ఉన్న రెండు స్టాండ్లు, ముందు చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మలు. బీమ్‌ను మోయడానికి రెండో జాకీ. పొడవాటి పిడి ఉన్న సాకెట్ సెట్, టార్క్ రెంచ్ (బోల్టును కొలిచినంత బలంతో బిగించే పానా), వైర్ బ్రష్, తుప్పు వదిలించే స్ప్రే, హ్యాక్సా, ఉలి, సుత్తి, సబ్బు నీళ్లు లేదా సిలికోన్ గ్రీజు, గుర్తులు పెట్టడానికి పెయింట్ పెన్ను, కొలటేపు.

బుష్ లాగే సాధనం అద్దెకు దొరికితే సరే, లేకపోతే చేసుకోవచ్చు. 8.8 గ్రేడు గానీ అంతకంటే గట్టిది గానీ అయిన ఎం14 మరల రాడ్డు ఒక అడుగు, రెండు నట్లు, మందపాటి వాషర్లు, రెండు కప్పులు. ఒక కప్పు లోపలి కొలత బుష్ బయటి కొలత కంటే 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి, పాత బుష్ అందులోకి వస్తుంది. రెండో దాని బయటి కొలత బుష్ బయటి గొట్టం కంటే ఒక మిల్లీమీటరు తక్కువ, అది కన్నంలోంచి తోస్తుంది. మరలకూ, నట్టు కింది వాషర్‌కూ గ్రీజు పూయండి. పూయకుండా బిగిస్తే బుష్ కదిలేలోపే మరలు చెడతాయి. మామూలు మెత్తటి ఇనుము రాడ్డు ఈ పనికి చాలదు, సాగి తెగుతుంది.

కొత్త బోల్టులూ నట్లూ ముందే తెప్పించుకోండి. పాతవి తీసేటప్పుడు చాలాసార్లు పనికిరాకుండా పోతాయి.

ఎత్తకముందు ఏం కొలవాలి?

బండి చదునైన నేల మీద ఉండగా, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా నిట్టనిలువుగా కొలిచి రెండు వైపులా రాసుకోండి. ఇది ఆఖరి బిగింపుకు కావాలి, ఒకసారి ఎత్తాక మళ్లీ దొరకదు. పాత బుష్ మీద బాణం గుర్తు గానీ ఖాళీలు గానీ ఏ దిక్కుకు ఉన్నాయో, కన్నం అంచు నుంచి ఎంత బయటికి పొడుచుకొచ్చిందో ఫొటో తీసి, కొలిచి పెట్టుకోండి. సర్దుబాటు క్యామ్ బోల్టులుంటే (తిప్పితే చక్రం కోణం మారేవి) తల మీదినుంచి బ్రాకెట్ మీదికి పెయింట్ పెన్నుతో గీత గీయండి. బోల్టులకు ముందు రోజు సాయంత్రమే స్ప్రే కొట్టి వదిలితే మర్నాడు సగం శ్రమ తగ్గుతుంది.

ట్విస్ట్ బీమ్ బండిలో పని ఎలా సాగుతుంది?

వెనక చక్రాల నట్లు నేల మీదే కొద్దిగా వదులు చేయండి. ముందు చక్రాలకు దిమ్మలు పెట్టి, బండి ఎత్తి, స్టాండ్లను బాడీ గట్టి చోటుల్లో పెట్టండి. బీమ్ కింద పెట్టకండి, దించాల్సింది దాన్నే. స్టాండ్ల మీద కూర్చున్నాక బండిని చేత్తో ఊపి చూడండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరవద్దు.

చక్రాలు తీశాక బీమ్ మీదుగా పోయే బ్రేకు పైపుల క్లిప్పులు, ఏబీఎస్ తీగలు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ పట్టీలు విడదీయండి. బీమ్ ముందు భాగం దిగినప్పుడు రబ్బరు పైపు సాగకూడదు. దానికి ఎంత జాగా కావాలో చూసుకోండి. సాగేట్టుంటే పైపు విప్పాల్సి వస్తుంది, అప్పుడు బ్రేకుల్లో గాలి తీయడం కూడా మీ పనిలో భాగమవుతుంది.

రెండో జాకీతో బీమ్‌ను తేలిగ్గా ఎత్తి పట్టండి. షాకప్ కింది బోల్టులు చాలా మోడళ్లలో తీయనక్కరలేదు. తీయాల్సి వస్తే స్ప్రింగ్‌లో ఇంకా బలం ఉంటుందని గుర్తుపెట్టుకుని, జాకీని అంగుళం అంగుళంగా దించండి, ముఖం, చేతులు స్ప్రింగ్ దారిలో లేకుండా చూసుకోండి. ఇప్పుడు ముందు కొసల్లోని బుష్ బోల్టులు రెండూ తీసి, బీమ్ ముందు భాగాన్ని నెమ్మదిగా దించండి. బుష్ చుట్టూ సాధనం పట్టేంత జాగా రాగానే బీమ్‌కూ బాడీకీ మధ్య చెక్క దిమ్మ బిగించండి. ఇక అది కదలదు.

బోల్టు తిరుగుతోంది గానీ బయటికి రావడం లేదు. ఏం చేయాలి?

లోపలి ఇనప గొట్టం బోల్టుకు తుప్పుతో అతుక్కుంది. నట్టు తిరిగినా, బోల్టుతో పాటు గొట్టం కూడా తిరుగుతూ రబ్బరును మెలిపెడుతుంది. పాత బుష్ ఎలాగూ పోయేదే కాబట్టి దాన్ని కాపాడే ప్రయత్నం మానండి. నట్టును బోల్టు చివరికి సమానంగా ఎక్కించి దాని మీద సుత్తితో కొట్టి చూడండి. రాకపోతే బ్రాకెట్‌కూ బుష్‌కూ మధ్య సందులో హ్యాక్సా బ్లేడు దూర్చి, బోల్టునూ గొట్టాన్నీ కలిపి రెండు వైపులా కోసేయండి. బ్రాకెట్‌కు బ్లేడు తగలకుండా పలచని రేకు ముక్క అడ్డం పెట్టండి. వేడి చేయడం కూడా పనిచేస్తుంది గానీ పక్కనే పెట్రోల్ ట్యాంకు, బ్రేకు పైపులు ఉంటాయి. బండి కింద మంట పెట్టవద్దని మా గట్టి సలహా.

పాత బుష్ కన్నంలోంచి కదలడం లేదు.

సాధనంతో బిగిస్తూ పోతే రబ్బరు సాగి లోపలి గొట్టం మాత్రమే బయటికి వచ్చేసి, బయటి గొట్టం కన్నంలోనే ఉండిపోవడం చాలా మామూలు. కంగారు పడకండి. మిగిలిన రబ్బరును కత్తితో కోసి తీసేయండి. హ్యాక్సా బ్లేడును కన్నంలోంచి దూర్చి ఫ్రేముకు తగిలించి, మిగిలిన గొట్టాన్ని పొడుగునా ఒక గీతగా కోయండి. ఆ గొట్టం గోడ చాలా బండ్లలో ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. కాబట్టి కొంచెం కోసి, ఆపి, చూసి, మళ్లీ కోయండి. కోత బీమ్ కన్నంలోకి దిగితే అక్కడినుంచే పగులు మొదలవుతుంది. గొట్టం తెగబోయే క్షణంలో బ్లేడు కింద పట్టు మారినట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు సన్నని ఉలితో ఒక అంచును లోపలికి మడిస్తే మొత్తం వదులై రాలిపోతుంది.

రబ్బరుకు నిప్పంటించి కాల్చే పద్ధతి వద్దు. నల్లటి విషపు పొగ, ఆగని మంట, పెయింట్ పాడవడం, ఇంత నష్టం పెట్టుకుని ఆదా అయ్యేది పది నిమిషాలు.

కొత్త బుష్ ఎలా ఎక్కించాలి?

కన్నాన్ని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దండి. తుప్పు పొర ఒక్కచోట మిగిలినా బుష్ వంకరగా దిగుతుంది. అంచును ఆకురాయితో కొద్దిగా మొద్దు చేయండి. సబ్బు నీళ్లు లేదా సిలికోన్ గ్రీజు పూయండి. ఇంజిన్ ఆయిలూ మామూలు పెట్రోలియం గ్రీజూ వద్దు, సహజ రబ్బరును అవి ఉబ్బించి మెత్తబరుస్తాయి. బుష్‌ను కొన్ని గంటలు ఫ్రీజర్‌లో ఉంచితే బయటి గొట్టం కాస్త కుదించుకుంటుంది. తేడా చిన్నదే అయినా మొదటి రెండు మిల్లీమీటర్లు తిన్నగా దిగడానికి సాయపడుతుంది.

దిక్కు చూసుకోకుండా ఎక్కించకండి. బాణం గుర్తో, ఖాళీలో, చెవుల్లాంటి పొడుపులో ఏవి ఎటు ఉండాలో ఫొటోతో సరిచూసి, బుష్ అంచు మీదా కన్నం మీదా పెయింట్ గీతలు కలిపి పెట్టుకోండి. దిక్కు తప్పితే మెత్తగా ఉండాల్సిన చోట గట్టిగా ఉంటుంది, దాన్ని మళ్లీ తీసి అదే బుష్‌ను తిరిగి వాడటం దాదాపు కుదరదు. బీఎండబ్ల్యూ ఈ36 ట్రైలింగ్ ఆర్మ్ లాంటి వాటిలో ఇంకో మెలిక ఉంది: బాడీకి బిగించే బ్రాకెట్, ఆర్మ్‌తో ఒక నిర్ణీత కోణంలో ఉండగానే బుష్ బోల్టు బిగించాలి.

బలం ఎప్పుడూ బయటి గొట్టం మీదే పడాలి. లోపలి గొట్టం మీదో రబ్బరు మీదో తోస్తే అతుకు అక్కడే ఊడుతుంది. ఆ బుష్ పైకి కొత్తగానే కనిపిస్తూ కొద్ది నెలల్లో పోతుంది. సుత్తి దెబ్బలు కూడా అందుకే వద్దు. నాలుగు తిప్పులకొకసారి ఆపి, తిన్నగా దిగుతోందో లేదో చూడండి. వంకరగా ఉంటే వెంటనే వెనక్కి లాగి మళ్లీ మొదలుపెట్టండి, బలవంతంగా సరిచేయబోతే కన్నం గీసుకుపోతుంది. చివర ముందుగా రాసుకున్న లోతుతో సరిపోల్చండి.

చక్రాలు వేలాడుతుండగా బోల్టులు బిగించవద్దంటారు. అంత తేడా ఉంటుందా?

ఉంటుంది. కొత్త బుష్ త్వరగా చిరగడానికి మేము చూసిన కారణాల్లో ఇదే మొదటిది. పైన చెప్పినట్టు బోల్టు బిగించిన క్షణంలో లోపలి గొట్టం బాడీకి అతుక్కుంటుంది. అప్పుడు ఆర్మ్ ఏ కోణంలో ఉంటే అదే రబ్బరుకు విశ్రాంతి స్థితి అవుతుంది.

లెక్క వేసి చూద్దాం. ఆర్మ్ పొడవు 400 మిల్లీమీటర్లు, చక్రం గాలిలో 100 మిల్లీమీటర్లు కిందికి వేలాడుతోంది అనుకోండి. అంటే ఆర్మ్ సుమారు 14 డిగ్రీలు దిగి ఉంది. అలాగే బిగిస్తే, బండి నేల మీద ఊరికే నిలబడినప్పుడు కూడా రబ్బరు 14 డిగ్రీలు మెలిపడి ఉంటుంది. ఆపైన గతుకు మీద చక్రం 80 మిల్లీమీటర్లు పైకి పోతే ఇంకో 11 డిగ్రీలు, మొత్తం 25. నేల మీద బిగించి ఉంటే ఆ గతుకుకు పడేది 11 డిగ్రీలే. పైగా మెలిపడిన రబ్బరు అదనపు స్ప్రింగ్ లాగా బండిని కాస్త ఎత్తుగా నిలబెడుతుంది, ప్రయాణం గట్టిగా తగులుతుంది. కొత్త బుష్‌లు వేశాక బండి వెనక ఎత్తు పెరిగిందంటే చాలావరకు కారణం ఇదే.

సరైన పద్ధతి: బోల్టులు చేతితో బిగువు తెలిసేదాకా మాత్రమే ఎక్కించండి. చక్రాలు పెట్టి బండిని నేల మీదికి దించి, వెనక భాగాన్ని రెండు మూడు సార్లు నొక్కి వదలండి, కొద్దిగా ముందుకూ వెనక్కూ దొర్లించండి. ఇప్పుడు కింద పానా పట్టే జాగా ఉంటే ఇక్కడే టార్క్‌కు బిగించండి. జాగా లేకపోతే నాలుగు చక్రాల కిందా ఒకే ఎత్తు ర్యాంపులు పెట్టండి. అదీ కుదరకపోతే స్టాండ్ల మీదే ఉంచి, జాకీతో బీమ్‌ను రెండు వైపులా సమానంగా ఎత్తుతూ, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ దాకా దూరం మీరు రాసుకున్న కొలతకు వచ్చాక బిగించండి. అలా ఎత్తేటప్పుడు బాడీ స్టాండ్ మీదినుంచి లేవకుండా చూడండి, లేస్తుంటే డిక్కీలో బరువు వేయండి.

పాలీయూరిథేన్ బుష్‌లు జారి తిరుగుతాయి కాబట్టి వాటికి ఈ నియమం అంత ముఖ్యం కాదు. షాకప్ కింది కన్నులోని రబ్బరుకూ, కమాన్ పట్టీ రబ్బరు బుష్‌లకూ మాత్రం వర్తిస్తుంది, చాలామంది మర్చిపోయేది ఇక్కడే.

ఎంత టార్క్ పెట్టాలి?

మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉన్నంత. బోల్టు సైజును బట్టి ఊహించకండి, ఒకే సైజు బోల్టుకు గ్రేడును బట్టి అంకె మారుతుంది. ‘ఇన్ని న్యూటన్ మీటర్లు, ఆపైన 90 డిగ్రీలు’ అని రాసి ఉంటే ఆ బోల్టు సాగేలా చేసినది, ఒకసారి వాడాక మళ్లీ వాడకూడదు. మాన్యువల్ చెప్పకుండా మరలకు నూనె పూయవద్దు. జారుడు పెరిగితే అదే టార్క్‌కు బోల్టు మీద లాగుడు ఎక్కువ పడుతుంది. తక్కువ బిగిస్తే లోపలి గొట్టం బ్రాకెట్ మధ్య జారుతూ రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారంలో అరగదీస్తుంది, అప్పుడు ఎన్ని బుష్‌లు మార్చినా చప్పుడు పోదు.

కమాన్ పట్టీల బండికి ఏమైనా తేడా ఉందా?

బుష్‌లు తేలిగ్గా వస్తాయి, బోల్టులే మొండికేస్తాయి. యాక్సిల్‌ను జాకీ మీద నిలిపి, బండిని స్టాండ్ల మీద ఉంచి, పట్టీ మీద బరువు లేకుండా చేసుకున్నాకే షాకిల్ విప్పండి. ఒక వైపు పూర్తిగా అమర్చాక రెండో వైపు మొదలుపెట్టండి (ఆఖరి టార్క్ బిగింపు మాత్రం బండి నేల మీదికి దిగాకే), లేకపోతే యాక్సిల్ పక్కకు జరిగి రంధ్రాలు కలవవు. షాకిల్ బుష్‌లు చాలావరకు రెండు సగాలుగా వస్తాయి, చేత్తోనే దూరుతాయి. షాకిల్ పలకల లోపలి వైపు గాడి పడి ఉంటే వాటినీ మార్చండి.

మార్చాక వీల్ అలైన్‌మెంట్ చేయించాలా?

చేయించాలి, నాలుగు చక్రాలదీ. ట్విస్ట్ బీమ్‌కు సర్దుబాటు ఉండదు కదా అని వదిలేయకండి. కొన్ని బండ్లలో బీమ్ బ్రాకెట్‌కు పొడవాటి రంధ్రాలుంటాయి, బ్రాకెట్ విప్పి ఉంటే బీమ్ ఒక పక్కకు తిరిగి బిగిసి ఉండవచ్చు. అలైన్‌మెంట్ కాగితంలో మీరు చూడాల్సింది థ్రస్ట్ యాంగిల్, అంటే వెనక చక్రాలు బండిని తోసే దిక్కుకూ బండి నడిమి గీతకూ మధ్య కోణం. ఎడమ, కుడి వెనక టోల తేడాలో అది సగం, సున్నాకు దగ్గరగా ఉండాలి. అది తప్పితే తిన్నటి రోడ్డు మీద కూడా స్టీరింగ్ వంకరగా ఉంటుంది. ముందు చక్రాల టో సర్ది స్టీరింగ్‌ను నిలబెట్టడం దానికి మందు కాదు, బండి ఎప్పటికీ పక్కవాటంగానే నడుస్తుంది.

అన్నీ మార్చినా చప్పుడు పోలేదు. ఇప్పుడేం చేయాలి?

ముందు మీరు విప్పిన ప్రతి బోల్టునూ టార్క్ రెంచ్‌తో సరిచూడండి, షాకప్ కిందివీ, చక్రాల నట్లూ కూడా. తర్వాత బుష్ బ్రాకెట్ రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయా, బ్రాకెట్ బాడీకి వెల్డ్ చేసిన చోట పెయింట్ పగిలిందా చూడండి. పాత బండ్లలో బుష్ అనుకున్న చప్పుడు ఆ వెల్డింగ్ పగులుదే కావచ్చు, అది వెంటనే బాగుచేయించాల్సిన విషయం. ఆపైన యాంటీరోల్ బార్ లింకును ఒక వైపు విప్పి అదే రోడ్డు మీద నెమ్మదిగా నడపండి, చప్పుడు పోతే దొంగ దొరికినట్టే. బార్ బుష్ కొనేటప్పుడు బార్ మందాన్ని కాలిపర్‌తో కొలవండి. 18 మిల్లీమీటర్ల బార్‌కు 19 రకం బుష్ వేస్తే చూడటానికి సరిగ్గానే కూర్చుంటుంది, చప్పుడు మాత్రం ఆగదు.

ఈ పని మెకానిక్‌కు ఇస్తే ఏం అడగాలి?

మూడు ప్రశ్నలు చాలు. బోల్టులు బండి బరువు మీద ఉండగా బిగిస్తారా? పాత బుష్‌ను ప్రెస్‌తోనో సాధనంతోనో తీస్తారా, మంటతోనా? ఒకసారి వాడే బోల్టులు కొత్తవి వేస్తారా? మొదటి ప్రశ్నకు ‘ఏముంది, పైనే బిగించేస్తాం’ అని జవాబొస్తే ఆ పని అక్కడ చేయించకండి. తీసేసిన పాత బుష్‌లు చూపించమని కూడా అడగండి. కుడిదీ ఎడమదీ విడిగా చూస్తే ఏ వైపు ఎక్కువ పోయిందో, నూనె తగిలిందో లేదో తెలుస్తుంది. నూనె తగిలి ఉంటే అది ఎక్కడినుంచి కారిందో కనిపెట్టాకే బండి బయటికి తీయండి.